లీటరుకెంత? యూనిట్‌కెంత? కారు తిండి లెక్క

ప్రొద్దుటూరు అంగళ్లలో బంగారు నగ కొనేవాళ్లు గ్రాము ధర ఒక్కటే అడిగి ఊరుకోరు. తరుగు ఎంత, మజూరీ ఎంత అని కూడా అడుగుతారు. ధర తక్కువ చెప్పి తరుగు ఎక్కువ వేసే అంగడి ఉంటుంది. ధర ఎక్కువ చెప్పినా చివరికి బిల్లు తక్కువయ్యే అంగడీ ఉంటుంది. మొత్తం కూడితే గాని నగ ఖరీదు తేలదు.

కార్ల విషయమూ ఇంతే. ఈ మధ్య మన ఊళ్లలో పెట్రోలు బంకు వైపు కన్నెత్తి చూడని కార్లు తిరుగుతున్నాయి. వాటికి పొగగొట్టం ఉండదు, ఇంజను చప్పుడు ఉండదు. రాత్రి ఇంటి ముందు తీగ తగిలించి పడుకుంటే తెల్లవారేసరికి ప్రయాణానికి సిద్ధంగా ఉంటాయి. “కిలోమీటరుకు రూపాయి కూడా కాదు” అని కొన్నవాళ్లు అంటారు. “బ్యాటరీ పోతే లక్షలు పెట్టాలి” అని కొననివాళ్లు అంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఇది నోటి మాటతో తేలేది కాదు. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి, లెక్క వేద్దాం.

మన లెక్కకు ఒక దారి కావాలి. ప్రొద్దుటూరులో బయలుదేరి జమ్మలమడుగు వెళ్దాం. అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల చేరుదాం. తిరుగు ప్రయాణంలో ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు వద్దాం. ఈ చుట్టు మొత్తం 150 కిలోమీటర్లు అనుకుందాం. కచ్చితమైన దూరం కావాలంటే దారి పక్కన ఉన్న కిలోమీటరు రాళ్లు చదివి మీరే సరిచేసుకోండి. పద్ధతి మాత్రం మారదు.

ఒక లీటరులో ఎన్ని యూనిట్లు?

పెట్రోలును లీటర్లలో కొలుస్తాం. కరెంటును యూనిట్లలో కొలుస్తాం. కొలతలు వేరైనప్పుడు పోల్చడం ఎలా? రెండింటినీ శక్తిలోకి మార్చాలి.

వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఆగకుండా ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే విద్యుచ్ఛక్తి ఒక యూనిట్. జౌళ్లలో చెప్పాలంటే 36 లక్షల జౌళ్లు. ఇక ఒక లీటరు పెట్రోలును పూర్తిగా మండిస్తే సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ల ఉష్ణం వస్తుంది. దీన్ని 36 లక్షలతో భాగించండి. దాదాపు 9 వస్తుంది. అంటే లీటరు పెట్రోలులో 9 యూనిట్ల శక్తి దాగి ఉన్నదన్నమాట!

ఇది సామాన్యమైన విషయం కాదు. ఒక్క లీటరు సీసాలో పట్టే ద్రవంలో ఉన్న శక్తితో ఆ ఇస్త్రీపెట్టె తొమ్మిది గంటలు పనిచేయగలదు. వందేళ్లకు పైగా కార్లు పెట్రోలునే పట్టుకొని ఉండటానికి కారణం ఇదే. 1900 ప్రాంతంలో అమెరికాలో తిరిగిన కార్లలో విద్యుత్తు కార్లు చాలానే ఉండేవి. అయినా అవి నిలవలేదు. వాటి సీసపు బ్యాటరీలు మోయలేనంత బరువు, ఇచ్చే శక్తి కొంచెం. పైగా 1912లో పెట్రోలు కారుకు మీట నొక్కగానే కదిలే స్టార్టరు వచ్చింది. కడ్డీ పెట్టి ఇంజను తిప్పే బాధ తప్పింది. దానితో విద్యుత్తు కారు దాదాపు మూలబడింది. మన దేశంలో 2001లో బెంగుళూరు నుంచి వచ్చిన చిన్న ‘రేవా’ కారులో కూడా మొదట ఉన్నది సీసపు బ్యాటరీయే. లిథియం బ్యాటరీ వచ్చాకే కథ మారింది.

ఇప్పుడు ధర చూద్దాం. 2022 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు ధర లీటరుకు 110 రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంటూ వచ్చింది. లెక్కకు 110 తీసుకుందాం. 110ని 9తో భాగిస్తే, పెట్రోలు రూపంలో ఒక యూనిట్ శక్తికి 12 రూపాయల 20 పైసలు ఇస్తున్నాం. ఇంటి కరెంటు యూనిట్ 6 రూపాయలు అనుకుంటే, పెట్రోలు శక్తి కరెంటు శక్తికి రెట్టింపు ధర. ఇది గ్రాము ధర. ఇంకా తరుగు లెక్క ఉంది.

తరుగు ఎక్కడ పోతుంది?

ఒక చిన్న పెట్రోలు కారు మన రోడ్ల మీద లీటరుకు 16 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. కంపెనీ కాగితంలో 20 అనో 22 అనో రాసి ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. అంటే కిలోమీటరుకు 9/16, సుమారు 0.56 యూనిట్ల శక్తి తాగుతుంది. అదే పరిమాణం గల విద్యుత్తు కారు, ఇంటి మీటరు దగ్గర కొలిస్తే, యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే కిలోమీటరుకు 0.17 యూనిట్లు.

రెండు కార్లూ ఒకే రోడ్డు మీద, ఒకే బరువుతో, ఒకే గాలిని చీల్చుకుంటూ పోతున్నాయి. చక్రాల దగ్గర కావలసిన పని దాదాపు ఒక్కటే. మరి ఒకటి మూడు రెట్లకు పైగా ఎందుకు తింటోంది?

పెట్రోలు ఇంజను ఒక ఉష్ణయంత్రం. లోపల పెట్రోలు మండుతుంది, వాయువు వ్యాకోచిస్తుంది, ముషలకాన్ని నెడుతుంది. అయితే ఏ ఉష్ణయంత్రమైనా తీసుకున్న ఉష్ణాన్నంతా పనిగా మార్చలేదు. కొంత ఉష్ణాన్ని చల్లని చోటికి వదిలిపెట్టి తీరాలి. ఇది తయారీలో లోపం కాదు, ప్రకృతి నియమం. ప్రయాణం నుంచి వచ్చిన కారు బానెట్ మీద చేయి పెట్టి చూస్తే చురుక్కుమంటుంది కదా! మీ నాన్నగారు బంకులో ఇచ్చిన డబ్బులో ఎక్కువ భాగం అక్కడ, రేడియేటరులో, పొగగొట్టంలో ఉష్ణంగా పోయింది. చక్రానికి చేరేది రూపాయికి 20, 22 పైసలే.

విద్యుత్తు మోటారు ఉష్ణయంత్రం కాదు. తీగచుట్టలో విద్యుత్తు పారితే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది, అది ఇరుసును తిప్పుతుంది. మధ్యలో మంట లేదు. చార్జరులో కొంత, బ్యాటరీలో కొంత, మోటారులో కొంత పోగా రూపాయికి 70 పైసలకు పైగా చక్రం చేరుతుంది. దీన్నే దక్షత అంటాం. ప్రొద్దుటూరు అంగళ్ల వీధిలో ఎద్దుల బండి వెనుక ఇరుక్కుపోయినప్పుడు పెట్రోలు ఇంజను ఊరికే తిరుగుతూ నూనె తాగుతుంది. విద్యుత్తు మోటారు అలా కాదు. కారు ఆగితే అదీ ఆగుతుంది.

ఇంకొక చిత్రం ఉంది. పాత సైకిళ్లకు ఉండే డైనమో గుర్తుందా? చక్రం తిరిగితే దీపం వెలుగుతుంది, తొక్కడం కొంచెం బరువవుతుంది. విద్యుత్తు కారులో బ్రేకు వేసినప్పుడు మోటారే డైనమోగా మారుతుంది. కారు గతిశక్తి కొంత మళ్లీ బ్యాటరీలోకి వెళుతుంది. దీని ఫలితం బాగా కనిపించేది కొండ దారిలో. 2022 సెప్టెంబరు నుంచి తిరుపతి, తిరుమల మధ్య ఆర్టీసీ విద్యుత్తు బస్సులు నడుస్తున్నాయి. అక్కడ ఎక్కే ఎత్తు దాదాపు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,400 కిలోల కారు ఆ ఎత్తు దిగితే వచ్చే స్థితిశక్తి ఎంత? ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు గుణించండి: 1,400 × 9.8 × 700. సుమారు 96 లక్షల జౌళ్లు, అంటే 2.7 యూనిట్లు. అందులో సగం దక్కినా పది కిలోమీటర్లకు సరిపడా నిలువ. పెట్రోలు కారు దిగేటప్పుడు ఈ శక్తి అంతా బ్రేకులు వేడెక్కడానికే సరి!

మన ముక్కోణపు దారిలో అంత కొండ లేదు కాబట్టి ఆ లాభం కొద్దిపాటిదే.

ధర తేడా రెండు రెట్లు, తరుగు తేడా సుమారు మూడున్నర రెట్లు. రెండూ గుణిస్తే దాదాపు ఏడు రెట్లు. సరిచూద్దాం. పెట్రోలు కారుకు 110/16, కిలోమీటరుకు 6 రూపాయల 88 పైసలు. విద్యుత్తు కారుకు 6/6, కిలోమీటరుకు ఒక రూపాయి. మన 150 కిలోమీటర్ల చుట్టుకు పెట్రోలు ఖర్చు 1,031 రూపాయలు, కరెంటు ఖర్చు 150 రూపాయలు!

ఇక్కడే లెక్క ఆపేసేవాళ్లు చాలామంది. కాని నిజమైన లెక్క ఇక్కడే మొదలవుతుంది.

కరెంటు బిల్లులో మెట్లు

యూనిట్ 6 రూపాయలు అని మనం ఎందుకు అనుకున్నాం? మీ ఇంటి కరెంటు బిల్లు తీసి చూడండి. కరెంటుకు ఒకే ధర ఉండదు. 2022లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ఇళ్లకు నిర్ణయించిన ధరలు మెట్ల లాగా ఉన్నాయి. నెలకు మొదటి 30 యూనిట్లకు ఒక్కొక్కటి 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 76 నుంచి 125 వరకు నాలుగున్నర. 126 నుంచి 225 వరకు 6 రూపాయలు. 226 నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. దీనిపైన సర్దుబాటు ఛార్జీలు, సుంకం వేరే పడతాయి. వాటిని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ఒక ఉపాధ్యాయుని ఇల్లు అనుకుందాం. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ కలిసి నెలకు 150 యూనిట్లు. బిల్లు ఇలా వస్తుంది:

30 × 1.90 = 57
45 × 3 = 135
50 × 4.50 = 225
25 × 6 = 150
మొత్తం 567 రూపాయలు.

ఆయన విద్యుత్తు కారు కొన్నారు. నెలకు 600 కిలోమీటర్లు తిరుగుతారు. దానికి 100 యూనిట్లు. ఇప్పుడు ఇంటి వాడకం 250 యూనిట్లు. కొత్త బిల్లులో మొదటి మూడు మెట్లు మారవు. నాలుగో మెట్టు నిండుతుంది: 100 × 6 = 600. ఐదో మెట్టు మీద 25 యూనిట్లు పడతాయి: 25 × 8.75 = 218.75. మొత్తం 1,235 రూపాయల 75 పైసలు.

కారు తిన్న కరెంటు ఖరీదు ఎంత? కొందరు 1,235ను 250తో భాగించి “యూనిట్‌కు 5 రూపాయల లోపే” అంటారు. ఇది సరికాదు. కారు లేకపోయినా 567 రూపాయలు కట్టేవారే కదా. కారు వల్ల పెరిగినది 1,235.75 నుంచి 567 తీసివేయగా 668 రూపాయల 75 పైసలు. 100 యూనిట్లకు ఇంత, అంటే యూనిట్‌కు 6 రూపాయల 69 పైసలు. చౌక మెట్లన్నీ ఇల్లే వాడేసుకుంది. ఆఖరున వచ్చిన కారుకు పై మెట్లే మిగిలాయి. పెళ్లి భోజనానికి ఆలస్యంగా వచ్చినవారికి అప్పడాలు అయిపోయినట్టు!

ఏదైనా కొత్త ఖర్చును లెక్కించేటప్పుడు సగటు చూడకూడదు, దాని వల్ల పెరిగినదెంతో చూడాలి. ఇదే ఉపాధ్యాయుని ఇంట్లో వేసవిలో ఏసీ నడిచి వాడకం ముందే 400 దాటితే, కారుకు పడేది నేరుగా 9.75. అప్పుడు కిలోమీటరు ఖర్చు రూపాయి 63 పైసలు. ఇక రోడ్డు పక్కన ఉండే వేగ చార్జర్ల దగ్గర యూనిట్‌కు 20 రూపాయల దాకా తీసుకునే చోట్లున్నాయి. అక్కడ కిలోమీటరుకు 3 రూపాయల 33 పైసలు అవుతుంది. అప్పటికీ పెట్రోలు కంటే సగమే. కాని “రూపాయి కూడా కాదు” అన్న మాట నిలవదు.

ఎవరికి లాభం?

ఇక మజూరీ వంతు. విద్యుత్తు కారు కొనేటప్పుడే ఖరీదు ఎక్కువ. ఆ తేడా 3 లక్షలు అనుకుందాం. పన్నుల వల్ల ఈ తేడా మారుతుంటుంది. 2019 ఆగస్టు నుంచి విద్యుత్తు కార్ల మీద జీఎస్టీ 5 శాతం. చిన్న పెట్రోలు కార్ల మీద పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గించారు. దానితో తేడా మళ్లీ కొంత పెరిగింది. అందువల్ల కొనే రోజున రెండు ధరలూ కనుక్కొని మన 3 లక్షల స్థానంలో వేసుకోవాలి.

మన ఉపాధ్యాయుడు పెట్రోలు కారు వాడి ఉంటే 600 కిలోమీటర్లకు 37.5 లీటర్లు, 4,125 రూపాయలు. కరెంటుకు 669. నెలకు 3,456 మిగులు. ఏడాదికి సుమారు 41,500. ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, స్పార్కు ప్లగ్గులు, క్లచ్చి ఇవేవీ విద్యుత్తు కారుకు లేవు. ఆ మరమ్మతు ఆదా ఏడాదికి 5,000 అనుకుందాం. ఎక్కువ పెట్టిన 3 లక్షలు తిరిగి రావడానికి ఆరున్నర ఏళ్లు పడుతుంది. పోనీ, ఆ 3 లక్షలు బ్యాంకులో వేసి ఉంటే? 7 శాతం వడ్డీ లెక్కన ఏడాదికి 21,000 వచ్చేది. అంటే మిగులులో సగం దాకా ఆ వడ్డీకే సరిపోతుంది. ఆయనకు ఇది పెద్ద నష్టమూ కాదు, పెద్ద లాభమూ కాదు.

పొరుగింటి పెద్దాయన ఆదివారం మాత్రమే కారు తీస్తారు. నెలకు 200 కిలోమీటర్లు. పెట్రోలుకు 1,375, కరెంటుకు 200. ఏడాదికి మిగిలేది 14,100. మూడు లక్షలు తిరిగి రావాలంటే 21 ఏళ్లు! అంతకు ముందే కారు ముసలిదవుతుంది. ఆయన పాత పెట్రోలు కారే ఉంచుకోవడం మేలు.

మరి ప్రొద్దుటూరు నుంచి అద్దెకు కారు నడిపే డ్రైవరు? ఆయన నెలకు 3,000 కిలోమీటర్లు తిరుగుతాడు. 500 యూనిట్లు కావాలి. ఇంటి మీటరు మీద అయితే మెట్లు ఎక్కి ఎక్కి యూనిట్ దాదాపు 8 రూపాయల 84 పైసలు పడుతుంది. వాహనాల చార్జింగుకు ప్రత్యేకంగా ఉన్న కనెక్షను ధర 6 రూపాయల 70 పైసలు, దీనికి మెట్లు లేవు. సగం అక్కడ, సగం దారిలోని వేగ చార్జర్ల దగ్గర 20 రూపాయలకు నింపుకున్నాడనుకుందాం. 250 × 6.70 = 1,675. 250 × 20 = 5,000. మొత్తం 6,675. పెట్రోలు అయితే 187.5 లీటర్లు, 20,625 రూపాయలు. నెలకు 13,950 రూపాయల తేడా! మూడు లక్షలు రెండేళ్ల లోపే తిరిగి వస్తాయి. ఆ తరువాత నెల నెలా మిగిలేది ఒక కుటుంబానికి పిల్లల చదువు ఖర్చు. ఆయన డీజిలు కారు నడిపేవాడైతే కిలోమీటరు ఖర్చు 5 రూపాయల చుట్టూ ఉంటుంది కాబట్టి మిగులు కొంత తగ్గుతుంది.

గమనించారా? మూడు లక్షలు ముందే పెట్టగల ఉద్యోగికి లాభం కొంచెం. ఎక్కువ లాభం వచ్చే డ్రైవరుకు ఆ డబ్బు చేతిలో ఉండదు. అప్పు మీద కొంటాడు, వడ్డీ ఎంత అన్నదాని మీద ఆయన లెక్క ఆధారపడుతుంది. నా ఉద్దేశంలో కరెంటు ధర కన్నా ఈ వడ్డీ రేటే ఎక్కువ చూడవలసిన అంకె.

బ్యాటరీ సంగతి

ఖరీదులో తేడాకు ముఖ్య కారణం బ్యాటరీ. లిథియం బ్యాటరీలు 2010లో ఒక యూనిట్ నిలువకు వెయ్యి డాలర్లకు పైగా ఉండేవి. 2024కు ప్రపంచ సగటు 115 డాలర్ల చుట్టుపక్కలకు దిగింది. చాలా కంపెనీలు 8 సంవత్సరాలు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు హామీ ఇస్తున్నాయి. “ఏది ముందైతే అది” అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. బ్యాటరీ వాడితే అరుగుతుంది, వాడకపోయినా కాలంతో ముసలిదవుతుంది. మూడు లక్షల తేడాను హామీ కాలానికి పంచి చూద్దాం. అద్దె కారు నాలుగున్నర ఏళ్ల లోపే 1,60,000 పూర్తి చేస్తుంది, కిలోమీటరుకు రూపాయి 88 పైసలు పడుతుంది. ఆదివారపు పెద్దాయన 8 ఏళ్లలో తిరిగేది 19,200 కిలోమీటర్లే. ఆయనకు కిలోమీటరుకు 15 రూపాయల 60 పైసలు! హామీ ముగిసిన రోజే బ్యాటరీ చచ్చిపోదు. శక్తి నిలుపుకొనే గుణం కొద్దికొద్దిగా తగ్గుతూ పోతుంది. లెక్కకు మాత్రం ఈ పద్ధతి బాగుంటుంది.

ఇక మన ఎండలు. కడప జిల్లాలో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. లిథియం బ్యాటరీకి వేడి పడదు. రసాయన చర్యలు వేడిలో వేగం పుంజుకుంటాయని మీరు చదువుకున్నారు. బ్యాటరీలో మనకు అక్కరలేని చర్యలు కూడా అలాగే వేగం పుంజుకుంటాయి. నిండా చార్జి చేసి మధ్యాహ్నపు ఎండలో కడప బండల మీద గంటల తరబడి నిలబెట్టడం దానికి అన్నిటికన్నా చెడ్డది. చెట్టు నీడ ఇక్కడ నిజంగా డబ్బు ఆదా చేస్తుంది.

కారు లోపలి ఏసీ కూడా బ్యాటరీ నుంచే తింటుంది. ఏసీ ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుందనుకుంటే, గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కిలోమీటరుకు 0.03 యూనిట్లు. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న కారు మామూలుగా 210 కిలోమీటర్లు పోతే, ఏసీతో 173 దగ్గర ఆగిపోతుంది. మన ముక్కోణం 150 కిలోమీటర్లు. తిరిగి ఇల్లు చేరవచ్చు, కాని మధ్యలో గండికోట చూసి వద్దామనుకుంటే ముందే లెక్క చూసుకోవాలి! అలాగే గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలి నిరోధం 50 కిలోమీటర్ల వేగంలో ఉన్నదానికి నాలుగు రెట్లు. తొందరపడేవారికి బ్యాటరీ తొందరగానే అయిపోతుంది.

ముద్దనూరు పొగగొట్టాలు

ఆ దారిలో ముద్దనూరు దగ్గరికి వచ్చేసరికి దూరాన ఎత్తైన పొగగొట్టాలు కనిపిస్తాయి. అది రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం. 1994లో మొదటి యూనిట్‌తో మొదలై, 210 మెగావాట్లవి ఐదు, 600 మెగావాట్లది ఒకటి కలిసి 1,650 మెగావాట్ల కేంద్రం అయింది. బొగ్గు దూర ప్రాంతాల నుంచి రైళ్లలో వస్తుంది.

ఇప్పుడు మన తరుగు లెక్కను కొంచెం వెనక్కి తీసుకుపోదాం. బొగ్గు మండించి ఆవిరి చేసి చక్రం తిప్పడం కూడా ఉష్ణయంత్రమే! అక్కడా ప్రకృతి నియమం వదలదు. బొగ్గులోని 100 పాళ్ల శక్తిలో కరెంటుగా మారేది సుమారు 35. తీగల్లో కొంత పోగా ఇంటి మీటరు చేరేది 31, 32. కారు చక్రం చేరేది 22, 23. పెట్రోలు కారుకు 21 అని చూశాం కదా. రెండూ దగ్గర దగ్గరే! విద్యుత్తు కారు తరుగును మాయం చేయలేదు. బానెట్ కింద నుంచి ముద్దనూరు పొగగొట్టం దగ్గరికి మార్చింది. బొగ్గు చౌక కాబట్టి మన జేబుకు లాభం. గాలి సంగతి వేరు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది, అంటే కిలోమీటరుకు 144 గ్రాములు. దేశంలోని అన్ని రకాల కరెంటు కలిపి సగటున యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, అంటే కిలోమీటరుకు 117 గ్రాములు. కరెంటు అంతా బొగ్గుదే అయితే 160 దాటుతుంది.

అయితే అదే ముక్కోణంలో ఇంకొక దృశ్యం ఉంది. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో సౌర విద్యుత్ క్షేత్రం వెలసింది. 2017 ఏప్రిల్‌లో దానిలో 250 మెగావాట్లకు వేలం వేస్తే యూనిట్‌కు 3 రూపాయల 15 పైసల ధర పలికింది. దేశంలో అప్పటికి అదే అతి తక్కువ. సూర్యకాంతికి రైలు ఛార్జీ లేదు, బూడిద లేదు. ఏ ఎండ బ్యాటరీని ముసలిదాన్ని చేస్తుందో, ఆ ఎండే దాన్ని నింపనూ గలదు! చిక్కు ఒక్కటే. సూర్యుడు పగలు ఉంటాడు, మనం కారు తీగ తగిలించేది రాత్రి. పాఠశాలలు, కార్యాలయాల ఆవరణలో నీడన నిలిపిన కార్లకు పగలే చార్జి చేసే ఏర్పాటు ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

పెట్రోలు ధరలో పెద్ద భాగం పన్నులని కూడా గుర్తుంచుకోవాలి. కేంద్ర సుంకం, దాని మీద రాష్ట్రపు వ్యాట్, రోడ్డు సెస్సు ఉంటాయి. రోడ్లు వేసే డబ్బు కొంత ఇందులోనుంచే వస్తుంది. అందరూ కరెంటుకు మారిన నాడు ఆ డబ్బు మరో చోట వసూలు చేయక తప్పదు. అప్పుడు నేటి ఏడు రెట్ల తేడా ఇలాగే ఉంటుందని చెప్పలేం.

మీరు చేయండి

మీ వీధిలో ఒక పెట్రోలు వాహనం, ఒక విద్యుత్తు వాహనం ఎంచుకోండి. యజమానిని అడిగి ఒక నెల పాటు మీటరు అంకెలు రాయండి. పెట్రోలు బిల్లులు, కరెంటు బిల్లులు దగ్గర పెట్టుకోండి. కరెంటు బిల్లులో వాహనం కొనక ముందు నెల, కొన్న తరువాతి నెల రెండూ కావాలి. ఎందుకో ఈపాటికి మీకు తెలుసు. వేసవి నెలను శీతాకాలపు నెలతో పోల్చవద్దు. ఫ్యాన్లూ, కూలర్లూ లెక్క చెడగొడతాయి.

చివరగా ఒక లెక్క. ఒక అక్క జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు ఉద్యోగానికి స్కూటరు మీద వెళ్లి వస్తుంది. నెలకు 600 కిలోమీటర్లు. పెట్రోలు స్కూటరు లీటరుకు 45 కిలోమీటర్లు, విద్యుత్తు స్కూటరు యూనిట్‌కు 28 కిలోమీటర్లు ఇస్తాయి. పెట్రోలు 110 రూపాయలు, ఇంట్లో ఆమెకు పడే మెట్టు 6 రూపాయలు. విద్యుత్తు స్కూటరు 30,000 రూపాయలు ఎక్కువ. ఆ డబ్బు ఎన్నో నెలలో తిరిగి వస్తుంది? అద్దె ఇంట్లో ఉండటం వల్ల ఇంటి దగ్గర తీగ తగిలించే వీలు లేక, అంతా బయట 20 రూపాయలకే నింపుకోవలసి వస్తే ఎన్నో నెలలో?

జవాబులు: 23వ నెల, 29వ నెల.